ఆడ వరి, మగ వరి, వాటి మధ్య మైటోకాండ్రియా

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా చీడపీడల గురించే. వాటికి పక్క పేజీల్లో జవాబులు వస్తూనే ఉన్నాయి కాబట్టి నేను వేలు పెట్టలేదు. మిగిలినవాటిని ఒకచోట పెట్టి చూస్తే, ఒకరికొకరు తెలియని మనుషులు ఒకే విషయం చుట్టూ తిరిగారు: కణంలో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా. కొందరికి ఆ సంగతి తెలియదు కూడా. నేను బోటనీ చెప్పే రోజుల్లో మైటోకాండ్రియాకి సిలబస్ ఇచ్చింది ఒక్క పీరియడ్. ఇక్కడ బెల్లు కొట్టేవాళ్లు లేరు, తీరిగ్గా చెప్పుకుందాం.

ప్రశ్న: పోయిన యాసంగిలో హైబ్రిడ్ వరి వేశాను. పంట బాగా వచ్చిందని ఆ వడ్లనే కొన్ని విత్తనానికి దాచి ఈసారి ఒక ఎకరంలో పోశాను. మొక్కలు ఎత్తుపల్లాలుగా వచ్చాయి. కొన్నింటికి గొలక సగమే బయటికొచ్చింది, గింజంతా తాలు. తెగులు కాదంటున్నారు. విత్తనాల షాపతను, "కంపెనీవాళ్లు రెండోసారి మొలవకుండా లోపల ఏదో పెడతారు" అన్నాడు. నిజమేనా? – హుజూరాబాద్ దగ్గరి ఒక రైతు

జవాబు: నిజం కాదు. మీ విత్తనం మొలిచింది కదా! రెండోతరం మొలవకుండా చేసే ‘టెర్మినేటర్’ పద్ధతి గురించి ఒకప్పుడు పెద్ద గొడవే జరిగింది కానీ, అలాంటి విత్తనం ఏ దేశంలోనూ అమ్మకానికి రాలేదు. మీ పొలంలో జరిగిన దానికి కారణం కంపెనీ ఆఫీసులో లేదు, వరి మొక్క కణాల్లోనే ఉంది.

మీ ప్రాంతంలో ఆడ-మగ వరి సాగు మీకు కొత్త కాదు. మా ఆడపడుచు వాళ్లది జమ్మికుంట వైపు. యాసంగిలో వెళ్తే పొద్దున పది, పదకొండు గంటల మధ్య తాడు చెరో కొసా పట్టుకుని మగ సాళ్లను ఊపుతూ పోయేవాళ్లు కనిపిస్తారు. ఆ గంటా గంటన్నరే పూత విచ్చుకుంటుంది. మగ సాళ్ల పుప్పొడి గాలికి లేచి ఆడ సాళ్ల మీద పడాలి. ఎందుకింత శ్రమ? వరి స్వతహాగా తన పుప్పొడితో తానే గింజ కట్టుకుంటుంది. రెండు రకాల్ని కలిపి హైబ్రిడ్ చేయాలంటే ఒకదాని పుప్పొడి పనిచేయకూడదు. చేత్తో కేసరాలు తీస్తూ కూర్చుంటే ఎకరాలకు విత్తనం తయారవదు.

ఆ పుప్పొడి పనిచేయని మొక్క 1970లో చైనాలోని హైనాన్ దీవిలో, అడవి వరిలో దొరికింది. యువాన్ లాంగ్‌పింగ్ అనే శాస్త్రవేత్త బృందానికి చెందిన లీ బిహు, అక్కడి సాంకేతిక ఉద్యోగి ఒకరితో కలిసి దాన్ని కనిపెట్టాడు. దాని వంశమే ‘డబ్ల్యూఏ’ (వైల్డ్ అబార్టివ్, అంటే పుప్పొడి చెడే అడవి రకం). 1976 నుంచి చైనాలో హైబ్రిడ్ వరి పొలాల్లోకి వచ్చింది. మన దగ్గర మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి 1994లో ఏపీహెచ్ఆర్-1, ఏపీహెచ్ఆర్-2 విడుదలయ్యాయి. ఆ తర్వాత రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ నుంచి డీఆర్ఆర్‌హెచ్ రకాలు వచ్చాయి. వీటన్నిటి తల్లి మొక్కలోనూ ఆ హైనాన్ అడవి వరి మైటోకాండ్రియాయే ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. మైటోకాండ్రియాకి సొంత డీఎన్ఏ ఉంటుంది. డబ్ల్యూఏ వంశపు మైటోకాండ్రియాలో వేర్వేరు జన్యువుల ముక్కలు అతుక్కుని ఒక కొత్త జన్యువు పుట్టింది. దానిపేరు డబ్ల్యూఏ352. అది తయారుచేసే ప్రొటీన్‌లో 352 అమైనో ఆమ్లాలుంటాయి, ఆ అంకె అక్కడిదే. గ్వాంగ్‌జౌలోని దక్షిణ చైనా వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో దీని గుట్టు బయటపెట్టారు. ఆ జన్యువు నుంచి ఆర్ఎన్ఏ, అంటే దాని నకలు, మొక్క అన్ని భాగాల్లోనూ తయారవుతుంది. ప్రొటీన్ మాత్రం పుప్పొడి తయారయ్యే సంచి లోపలి పొరలో, అదీ పుప్పొడి ఇంకా మాతృకణంగా ఉన్న దశలో పోగవుతుంది. ఆ పొరను టపీటం అంటారు. పుప్పొడికి తిండి పెట్టే పొర అదే.

అక్కడ డబ్ల్యూఏ352 వెళ్లి కాక్స్11 అనే ఇంకో ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. కాక్స్11 కేంద్రకం పంపిన ప్రొటీన్. శ్వాసక్రియ యంత్రాంగం కట్టడంలోనూ, హైడ్రోజన్ పెరాక్సైడ్ పేరుకోకుండా చూడటంలోనూ దానికి పని ఉంది. దాని చేతులు కట్టేయగానే పెరాక్సైడ్ లాంటివి ఎగబాకుతాయి, టపీటం చావాల్సిన టైముకంటే ముందే చచ్చిపోతుంది. తిండి లేక పుప్పొడి మాడిపోతుంది. ఆకు బాగుంటుంది, వేరు బాగుంటుంది, అండాశయం కూడా బాగుంటుంది. పుప్పొడి ఒక్కటే చెడుతుంది. విత్తనం తయారుచేసేవాళ్లకి కావాల్సింది సరిగ్గా ఇదే.

మరి ఆ తల్లికి పుట్టిన హైబ్రిడ్ మీ పొలంలో ఎలా గింజ కట్టింది? మగ వరి కేంద్రకంలో ఆర్ఎఫ్3, ఆర్ఎఫ్4 అనే రెండు జన్యువులుంటాయి. ఆర్ఎఫ్4 తయారుచేసే ప్రొటీన్ మైటోకాండ్రియాలోకి వెళ్లి డబ్ల్యూఏ352 ఆర్ఎన్ఏని తగ్గించేస్తుంది. ఆర్ఎఫ్3 ఆర్ఎన్ఏ జోలికి పోదు, ప్రొటీన్ పోగవకుండా చూస్తుంది. ఒకటి చీటీని చింపేస్తే, ఇంకోటి చీటీ ప్రకారం తయారైన సరుకును ఆపేస్తుంది. హైబ్రిడ్ మొక్కకి తండ్రి నుంచి ఒక్కో కాపీ వస్తుంది, అది చాలు.

మీరు ఆ పంట వడ్లనే విత్తనంగా పోసినప్పుడు రెండు జరిగాయి. మైటోకాండ్రియా తల్లి వైపు నుంచే వస్తుంది కాబట్టి మీ ఎకరంలో ప్రతి మొక్కలోనూ డబ్ల్యూఏ352 ఉంది. ఒక్కటీ తప్పించుకోలేదు. ఆర్ఎఫ్ జన్యువులు మాత్రం పంచుకుపోయాయి. ఆర్ఎఫ్4 అసలే రాని మొక్కలు లెక్క ప్రకారం నాలుగింట ఒకటి ఉంటాయి. రెండూ రానివి పదహారింట ఒకటి. రెండింటిలో ఆర్ఎఫ్4దే పెద్ద పని కాబట్టి అది లేనివాటిలో తాలు ఎక్కువ. రెండూ లేనివి దాదాపు పూర్తి తాలు, పక్క మొక్క పుప్పొడి వచ్చి పడిన చోట నాలుగు గింజలు కడతాయి, అంతే. గొలక సగం బయటికి రాకపోవడం కూడా ఈ వంశపు లక్షణమే. విత్తనోత్పత్తిలో ఆడ సాళ్ల మీద జిబ్బరెల్లిక్ ఆమ్లం కొట్టేది ఆ గొలకను పొట్టాకులోంచి బయటికి లాగడానికే.

నమ్మకం కుదరకపోతే పూతలో ఉన్న ఒక మొక్క చూడండి. మంచి మొక్క కేసరాలు పసుప్పచ్చగా, ఉబ్బుగా ఉండి, తడితే పొడి రాలుతుంది. తాలు మొక్కవి తెల్లగా ముడుచుకుని ఉంటాయి. సూక్ష్మదర్శిని ఉన్నచోట అయోడిన్ చుక్క వేస్తే మంచి పుప్పొడి నల్లబడుతుంది, దీనిది రంగు పట్టదు.

ఇంకో మాట. "ఆడ వరికి పుప్పొడే లేకపోతే దానికి విత్తనం ఎక్కణ్నుంచి వస్తుంది?" అని మీ ఊళ్లో ఎవరో తప్పకుండా అడుగుతారు. దానికి జోడీగా ‘బి’ లైన్ అని ఒకటి పెంచుతారు. కేంద్రకం అచ్చం ఆడ వరిదే, మైటోకాండ్రియా మాత్రం మామూలుది. దాని పుప్పొడి ఆడ వరి మీద వేస్తే మళ్లీ ఆడ వరే పుడుతుంది.

ఎత్తుపల్లాల మొక్కలు, తాలు గొలకలు రెండూ మీ దాచిన విత్తనం వల్లే. హైబ్రిడ్ వేయదలిస్తే ఏటా కొనక తప్పదు. దాచుకుని వాడుకోవాలంటే మామూలు రకమే వేయండి. దిగుబడి కొంచెం తగ్గినా ఖర్చు చూసుకుంటే చిన్న కమతానికి అదే నయమని నా అభిప్రాయం.

ప్రశ్న: మేడమ్, నేను ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం. ప్రాక్టీస్ కోసం మొక్కజొన్న మైటోకాండ్రియాలోని కాక్స్2 జన్యువు తీసుకుని ప్రొటీన్‌గా మార్చి చూశాను. ట్రిప్టోఫాన్ ఉండాల్సిన చోట్ల ఆర్జినిన్ వస్తోంది. డేటాబేస్‌లో తప్పుందా, నేను తప్పు చేశానా? – విశాఖపట్నం నుంచి ఒక విద్యార్థిని

జవాబు: ఇద్దరి తప్పూ కాదమ్మా. 1981లో ఇదే జన్యువు చదివిన ఫాక్స్, లీవర్ కూడా నీలాగే ఆగిపోయారు. సీజీజీ అన్న మూడక్షరాలకు అంతటా ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లమని అర్థం. కానీ ఇతర జీవుల ప్రొటీన్‌తో పోలిస్తే అక్కడ ట్రిప్టోఫాన్ ఉండాలి. అందుకని, మొక్కల మైటోకాండ్రియాలో సీజీజీకి అర్థం ట్రిప్టోఫానేమో, ఇక్కడ జన్యు సంకేతమే వేరేమో అనుకున్నారు. అప్పటికి తెలిసినదాన్ని బట్టి అది సబబైన ఊహ. మనిషి మైటోకాండ్రియాలో సంకేతం కొంచెం వేరుగా ఉంటుందని అప్పటికే తేలింది కదా.

ఎనిమిదేళ్లు పోయాక, 1989లో, కెనడాలో ఒక బృందం, ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్‌లో ఒకటి, బెర్లిన్‌లో ఒకటి, మూడూ విడివిడిగా ఒకే సంగతి బయటపెట్టాయి. డీఎన్ఏ బదులు ఆర్ఎన్ఏని చదివితే అక్కడ సీజీజీ లేదు, యూజీజీ ఉంది. యూజీజీ అంటే ఎక్కడైనా ట్రిప్టోఫానే. అంటే సంకేతం మామూలుదే. డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏ నకలు వచ్చాక, అందులోని కొన్ని ‘సి’లను మొక్క ‘యూ’లుగా మార్చేస్తోంది. దీన్నే ఆర్ఎన్ఏ ఎడిటింగ్ అంటున్నాం.

నువ్వు డేటాబేస్‌లో తీసుకున్నది డీఎన్ఏ వరస. ఎడిటింగ్ జరిగే చోట్లు గుర్తించి ఉంటే వాటిని మార్చి మళ్లీ అనువదించు, సరిపోతుంది.

ఎన్ని చోట్ల జరుగుతుందనేది మొక్కను బట్టి మారుతుంది. ఆవ కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ మైటోకాండ్రియాలో ప్రొటీన్లకు సంబంధించిన ఆర్ఎన్ఏల్లోనే 441 చోట్లు 1999లో లెక్కపెట్టారు. సెలాజినెల్లా అనే ఫెర్న్ జాతి దగ్గరి మొక్కలో రెండువేలు దాటుతాయి. మార్కాంషియా అనే లివర్‌వర్ట్‌లో ఒక్కటీ లేదు. ప్రాక్టికల్స్‌లో స్లయిడ్ చూసే ఉంటావు. కొన్నిచోట్ల ఏసీజీ మారి ఏయూజీ అయితే తప్ప ప్రొటీన్ మొదలే కాదు. ఇంకొన్నిచోట్ల సీఏఏ మారి యూఏఏ అయితే తప్ప ఆగదు.

ఎవరు మారుస్తున్నారు? కేంద్రకం పంపే ప్రొటీన్లు. వాటిని పీపీఆర్ ప్రొటీన్లంటారు. సుమారు 35 అమైనో ఆమ్లాల ముక్క ఒకటి మళ్లీ మళ్లీ వస్తూ పొడుగ్గా సాగుతుంది. ఒక్కో ముక్కా ఆర్ఎన్ఏలోని ఒక్కో అక్షరాన్ని పట్టుకుంటుంది. ఏ అక్షరాన్ని పట్టాలన్నది ఆ ముక్కలో ప్రధానంగా రెండు అమైనో ఆమ్లాల మీద ఆధారపడుతుంది. ఈ నియమం 2012లో తేలింది. దాంతో ఒక పీపీఆర్ ప్రొటీన్ వరస చూసి అది ఎక్కడ కూర్చుంటుందో చాలావరకు ఊహించే వీలు కలిగింది. ఎడిటింగ్ చేసేవాటికి చివర డీవైడబ్ల్యూ అనే భాగం ఉంటుంది. ‘సి’ నుంచి అమైనో గుంపును తీసేసి ‘యూ’ చేసే ఎంజైమ్ అదే. కొన్నింటికి ఆ భాగం సొంతంగా లేకపోతే ఉన్న ప్రొటీన్‌ను పక్కకు తెచ్చుకుని పని కానిస్తాయి.

మనిషిలో ఇలాంటి ప్రొటీన్లు ఏడు. అరబిడాప్సిస్‌లో సుమారు 450. పై జవాబులో రైతుగారికి చెప్పిన ఆర్ఎఫ్4 కూడా ఈ కుటుంబందే. అంటే పొలంలో గింజ కట్టించేదీ, నీ కంప్యూటర్‌లో ఆర్జినిన్ లెక్క తప్పించేదీ ఒకే ఇంటి పేరున్న ప్రొటీన్లు. ఇది క్లాసులో చెప్పాల్సిన ముక్క, ఎవరూ చెప్పరు.

ఒక్క పీపీఆర్ పాడైతే ఎంత నష్టమో వరిలో ఓజీఆర్1 అనే జన్యువు మీద 2009లో వచ్చిన పరిశోధన చదువు. అది పాడైన మొక్కలో మైటోకాండ్రియా ఆర్ఎన్ఏల్లో ఏడు చోట్ల ఎడిటింగ్ ఆగిపోయింది. ఏడంటే ఏడే. మొలక ఆలస్యం, మొక్క పొట్టి, బియ్యపు గింజ నిగారింపు లేకుండా సున్నంలా తెల్లన.

డీఎన్ఏలోనే సరిగ్గా రాసుకుంటే పోయేదిగా, ఇంత తంతు ఎందుకని అడుగుతావు. లాభం ఉండి మొదలైంది కాదని, దిద్దేవాడు ముందు దొరకడంతో తప్పులు నిలబడిపోయాయని కొందరంటారు. నాకూ అదే నచ్చుతుంది. రుజువు చేయడం మాత్రం తేలిక్కాదు.

ప్రశ్న: మొలకెత్తిన పెసలు తింటే వాటిలోని మైటోకాండ్రియా మన ఒంట్లో చేరి శక్తి పెరుగుతుందని ఒక వీడియోలో చూశాను. ఎన్ని తినాలి? – విజయవాడ నుంచి ఒక గృహిణి

జవాబు: మైటోకాండ్రియా పొట్టలో అరిగిపోతుంది, మిగతా ప్రొటీన్‌తో పాటే. పెసలు మంచి ఆహారం. తినబుద్ధయినన్ని తినండి, వీడియో చూడనక్కర్లేదు.

పెసర మైటోకాండ్రియా గురించి ఇంతకంటే మంచి కథ ఒకటుంది. నేను ల్యాబులో పనిచేసేటప్పుడు పెసర మొలకలే మాకు ముడిసరుకు. చీకట్లో పెంచితే పచ్చదనం రాదు, అందుకని క్లోరోప్లాస్టుల గొడవ ఉండదు. చల్లటి చక్కెర ద్రావణంలో నూరి, మస్లిన్ గుడ్డలో వడగట్టి, సెంట్రిఫ్యూజ్‌లో రెండు విడతలు తిప్పితే అడుగున లేత గోధుమరంగు ముద్ద మిగిలేది. ఐస్ కరిగితే పని చెడిందన్నట్టే. ఎండాకాలం కరెంటు పోతే వచ్చే టెన్షన్ ఇంతా అంతా కాదు.

పైన విద్యార్థిని అడిగిన కాక్స్2 జన్యువు చాలా మొక్కల్లో మైటోకాండ్రియాలోనే ఉంటుంది. పెసర మైటోకాండ్రియాలో వెతికితే లేదు. అలసందలోనూ పనిచేసే కాపీ కేంద్రకంలోనే ఉంది. ఎప్పుడో ఆ జన్యువు ఇల్లు మారింది. ఎలా మారిందో దాని ఒంటిమీదే రాసుంది. కేంద్రకంలోని కాపీ మైటోకాండ్రియా డీఎన్ఏలా లేదు, ఎడిటింగ్ అయిపోయిన ఆర్ఎన్ఏలా ఉంది. అంటే డీఎన్ఏ ముక్క విరిగి వెళ్లలేదు. దిద్దిన ఆర్ఎన్ఏ తిరిగి డీఎన్ఏగా మారి కేంద్రకంలో చేరింది. 1990ల మొదట్లో ఇది బయటపడింది. పెసరట్టు వేసేటప్పుడు పిల్లలకు చెప్పదగ్గ విషయం.

ప్రశ్న: ప్రొటీన్ కేంద్రకం జన్యువు వల్ల తయారైతే, అది మైటోకాండ్రియాకే వెళ్లాలని దానికెలా తెలుసు? ఆర్ఎన్ఏ కూడా లోపలికి వెళ్తుందా? – ఖమ్మం నుంచి ఒక ఇంటర్ విద్యార్థి

జవాబు: ప్రొటీన్ మొదటి భాగంలో చిరునామా ఉంటుంది బాబూ. ధనావేశం ఉన్న అమైనో ఆమ్లాలు, ముఖ్యంగా ఆర్జినిన్, అక్కడ ఎక్కువ. దాన్ని మైటోకాండ్రియా బయటి పొర మీదున్న టామ్ అనే ప్రొటీన్ల సముదాయం గుర్తుపట్టి లోపలికి తోస్తుంది. లోపలి పొరలో టిమ్ అందుకుంటుంది. చేరాక చిరునామా ముక్కను ఒక ఎంజైమ్ కత్తిరించేస్తుంది. మొక్కల్లో ఆ ఎంజైమ్ విడిగా తిరగదు, శ్వాసక్రియ యంత్రాంగంలోని మూడో సముదాయంలోనే భాగంగా ఉంటుంది. బంగాళాదుంప మీద పనిచేసినవాళ్లు దీన్ని చూపించారు. ఒకే యంత్రం ఎలక్ట్రాన్లనూ కదుపుతుంది, ప్రొటీన్లనూ కత్తిరిస్తుంది.

మైటోకాండ్రియాలో ఉండే ప్రొటీన్లలో చాలా ఎక్కువ భాగం ఇలా బయటినుంచి వచ్చేవే. సొంతంగా తయారుచేసుకునేవి కొన్ని పదులు మాత్రమే. ఇంకా ముచ్చటైనది ఏమిటంటే, కొన్ని ప్రొటీన్ల ఆర్ఎన్ఏలు రైబోజోమ్‌లతో సహా మైటోకాండ్రియా గోడ దగ్గరికే వచ్చి అక్కడే అనువాదం కానిస్తాయి. తయారైన సరుకు తలుపు ముందే దిగుతుంది. అరబిడాప్సిస్‌లో ‘ఫ్రెండ్లీ’ అని పేరు పెట్టిన ఒక ప్రొటీన్‌కి ఈ గోడ దగ్గరి రైబోజోమ్‌లతో సంబంధం ఉంది. అది లేకపోతే మైటోకాండ్రియాలు విడివిడిగా తిరగకుండా గుంపులుగా ముద్దకట్టుకుంటాయి.

రెండో ప్రశ్నకి జవాబు, వెళ్తుంది. ప్రొటీన్ కట్టాలంటే ఒక్కో అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చే టీ-ఆర్ఎన్ఏలు కావాలి. మొక్కల మైటోకాండ్రియా డీఎన్ఏలో అన్ని రకాలూ లేవు. లేనివి సైటోప్లాజం నుంచి లోపలికి దిగుమతి అవుతాయి. బంగాళాదుంపలో ఇది వీడాక్ అనే బయటి పొర ప్రొటీన్ సాయంతో జరుగుతుందని 2006లో తేలింది. నీ ఇంటర్ పుస్తకంలో ఇది ఉండదు, పరీక్షలో రాయకు. నీట్‌లో అయితే అసలే వద్దు.

ప్రశ్న: మైటోకాండ్రియా ఎప్పుడూ తల్లి నుంచే వస్తుందా? – నిజామాబాద్

జవాబు: మొక్కల్లో ఎక్కువగా అంతే. అరటి, దోస మినహాయింపులు. రెండింటిలోనూ క్లోరోప్లాస్టు తల్లిది, మైటోకాండ్రియా తండ్రిది.

ప్రశ్న: నేను విత్తన రంగంలో పనిచేసి రిటైరయ్యాను. హైబ్రిడ్ వరి తల్లి మొక్కలు చాలావరకు డబ్ల్యూఏ వంశానివే అని మాకందరికీ తెలుసు. 1970లో అమెరికా మొక్కజొన్నకి జరిగినట్టు మనకూ జరగదా? – కర్నూలు

జవాబు: అడగాల్సినవాళ్లు అడగని ప్రశ్న మీరడిగారు. మిగతా పాఠకుల కోసం ఆ కథ ముందు చెబుతాను.

అమెరికాలో హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనం కోసం ఒకప్పుడు పిల్లల్ని, కూలీల్ని పెట్టి తల్లి మొక్కల మగ పూత విరిపించేవాళ్లు. టెక్సాస్‌లో మగ పూత పనిచేయని వంశం ఒకటి దొరికింది. దాంతో ఆ ఖర్చు తప్పింది. 1970 నాటికి అక్కడి హైబ్రిడ్ విత్తనంలో సుమారు 85 శాతం ఆ వంశానిదే. ఆ ఏడాది ఆకు ఎండు తెగులు శిలీంధ్రంలో ‘టి’ అనే కొత్త తెగ విరుచుకుపడింది. దేశం మొత్తం పంటలో సుమారు 15 శాతం పోయింది.

కారణం మళ్లీ మైటోకాండ్రియాయే. టెక్సాస్ వంశంలో ముక్కలు అతుక్కుని పుట్టిన జన్యువు పేరు టి-ఉర్ఫ్13. అది తయారుచేసే చిన్న ప్రొటీన్ మైటోకాండ్రియా లోపలి పొరలో కూర్చుంటుంది. దానివల్ల పుప్పొడి చెడుతుంది. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ శిలీంధ్రం వదిలే విషం సరిగ్గా ఆ ప్రొటీన్‌నే పట్టుకుని పొరకు చిల్లులు పొడుస్తుంది. ఈ జన్యువును ఈ-కోలై బ్యాక్టీరియాలో పెట్టి చూస్తే, ఆ విషానికి చలించని బ్యాక్టీరియా కూడా దెబ్బతింది. ఇంతకంటే గట్టి రుజువు ఏం కావాలి? జన్యువు పేరు బయటపడింది 1986లో. పంట పోయి అప్పటికి పదహారేళ్లు. ఈలోగా విత్తనోత్పత్తి మళ్లీ చేత్తో మగ పూత విరిచే పద్ధతికి వెళ్లిపోయింది.

మన సజ్జ సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 1965లో హెచ్‌బి-1 అనే హైబ్రిడ్ సజ్జ వచ్చింది, దానికీ, దాని తర్వాత వచ్చిన హైబ్రిడ్‌లకూ తల్లి టిఫ్ట్ 23ఏ అనే లైన్. 1970ల మొదట్లో వెర్రికంకి తెగులు వాటిని ఊడ్చేసింది. అప్పుడు అందరూ మైటోకాండ్రియానే అనుమానించారు, టెక్సాస్ కథ తాజాగా ఉంది మరి. తర్వాత పరీక్షిస్తే తప్పు సైటోప్లాజానిది (మైటోకాండ్రియా ఉండే, కేంద్రకం బయటి భాగానిది) కాదని, ఆ ఒక్క తల్లి లైన్ కేంద్రకానికే తెగులును తట్టుకునే శక్తి లేదని తేలింది. కాబట్టి ప్రతిదానికీ మైటోకాండ్రియాని బోనెక్కించకూడదు.

వరికి వస్తే, డబ్ల్యూఏ352కీ ఏ తెగులు విషానికీ ఇంతవరకు అలాంటి లంకె కనబడలేదు. డబ్ల్యూఏ హైబ్రిడ్‌లు 1976 నుంచి, కోట్ల ఎకరాల్లో, తడి దేశాల్లో పండుతున్నాయి. తెగుళ్లకి అవకాశం తక్కువ ఇవ్వలేదు. అయినా నాకు పూర్తి ధైర్యం లేదు. టెక్సాస్ వంశం కూడా మొదట్లో నిక్షేపంగా పండినదే, ‘టి’ తెగ తర్వాతే వచ్చింది. చైనాలో హాంగ్లియన్, బీటీ (పత్తిలోని బీటీ కాదు) అనే వేరే వంశాల్నీ వాడుతున్నారు. బీటీలో చెడగొట్టే జన్యువు ఓఆర్ఎఫ్79, దాన్ని అదుపు చేసేవి ఆర్ఎఫ్1ఏ, ఆర్ఎఫ్1బి అనే పీపీఆర్‌లు. ఒకటి ఆ ఆర్ఎన్ఏని ముక్కలు చేస్తుంది, రెండోది దాన్ని పూర్తిగా నాశనం చేస్తుంది. మన విత్తనోత్పత్తిలోనూ రెండు మూడు వంశాలు నడపాలి. మగ లైన్లు మళ్లీ వెతుక్కోవాలి, ఖర్చవుతుంది. ఆ ఖర్చు పెట్టాల్సిందేనని నేను గట్టిగా అంటాను.

కందిలో ఈ పాఠం ఎలా వాడతారో చూడాలని నాకు ఆసక్తి. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో కందికి దగ్గరి అడవి బంధువు కజానస్ కజానిఫోలియస్ సైటోప్లాజం తీసుకుని హైబ్రిడ్ కంది తయారుచేశారు. ఐసీపీహెచ్ 2671 రకం 2010లో మధ్యప్రదేశ్‌లో విడుదలైంది. కందికి తేనెటీగలే తాడు లాగే పని చేస్తాయి కాబట్టి ఆ బాధ లేదు. వంశం మాత్రం అక్కడా ఒక్కటి మీదే నిలబడకూడదు.

ప్రశ్న: మా జూనియర్ కాలేజీలో సెంట్రిఫ్యూజ్ లేదు, మామూలు సూక్ష్మదర్శినులే ఉన్నాయి. పిల్లలకు మైటోకాండ్రియా చూపించే దారి ఉందా? – శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక అధ్యాపకుడు

జవాబు: ఉందండీ. జానస్ గ్రీన్ బి అనే రంగు తెప్పించండి. చాలా పలచగా, 0.01 నుంచి 0.02 శాతం ద్రావణం, ఆ రోజుకారోజు కలుపుకోవాలి. ఉల్లిపాయ లోపలి పొరల మీది సన్నటి తొక్క పలచగా ఒలిచి ఆ చుక్కలో పది నిమిషాలు ఉంచి, మూతగాజు పెట్టి, ఉన్నవాటిలో పెద్ద లెన్సుతో చూడండి. ఆయిల్ లెన్సు ఉంటే మరీ మంచిది. కేంద్రకం చుట్టూ, కణం అంచుల వెంబడి సన్నటి నీలిపచ్చ చుక్కలు కదులుతూ కనబడతాయి. వాటి కదలిక నీళ్ల ఊపు కాదని పిల్లలకు చెప్పండి. ఆక్టిన్ పోగుల వెంట నడుస్తాయి.

రంగు మైటోకాండ్రియాలోనే నిలవడానికి కారణం అక్కడి సైటోక్రోమ్ ఆక్సిడేజ్. అది ఈ రంగును ఆక్సీకరణ స్థితిలో ఉంచుతుంది. మిగతా కణంలో రంగు క్షయకరణం చెంది వెలిసిపోతుంది. కాక్స్2, కాక్స్11 అని ఈ నెలంతా చెప్పుకున్న రెండింటిలో ఒకటి ఆ ఎంజైమ్‌లో భాగం, రెండోది దాన్ని కట్టేది. మూతగాజు కింద ఆక్సిజన్ అయిపోయేకొద్దీ మైటోకాండ్రియా రంగు కూడా వెలిసిపోతుంది. అందుకని ఒక్కో గుంపుకి ఒక్కో స్లయిడ్ అప్పటికప్పుడు చేయించండి. ముందే చేసి వరసగా పెడితే చివరి బెంచీ వాళ్లకి ఉల్లిపాయే మిగులుతుంది.